ఎలా ఉందని అడిగితే: చూసిన సినిమాపై అభిప్రాయమూ మార్కులూ చెప్పే పద్ధతి

సినిమా చూసి వచ్చినవారిని అందరూ అడిగే ప్రశ్న ఒకటే అయినా, అడిగేవారి మనసులోని సందేహం మనిషిని బట్టి మారుతుంది. కావలిలో ఉండే మేనమామ ‘ఎట్టుంది రా సినిమా?’ అని ఫోను చేస్తే, ఆదివారం పిలకాయలను వెంటబెట్టుకొని పోవచ్చా, మధ్యలో లేచి రావలసి వస్తుందా అన్నది ఆయన బాధ. పామూరు దగ్గర పల్లెలో ఉన్న మిత్రుడు అదే మాట అడిగితే, కనిగిరి దాకానో కందుకూరు దాకానో రానూపోనూ బస్సు ఛార్జీ పెట్టుకొని, టిక్కెట్టు కొనుక్కొని, ఒక పూట పని మానుకొని చూడవలసినంత సంగతి అందులో ఉందా, నెలా రెండు నెలలు ఆగితే ఓటీటీలో వస్తుంది కదా అన్నది ఆయన లెక్క. ఇద్దరికీ ‘బాగుంది’ అనో ‘యావరేజ్’ అనో ఒకే మాట చెప్పి ఊరుకుంటే ఇద్దరికీ పని జరగదు. అందువల్ల నోరు తెరిచేముందు అడుగుతున్నది ఎవరో, ఎందుకో తెలుసుకోవడం మొదటి పని. వాట్సాప్ గ్రూపులో పదిమందికి ఒకేసారి చెప్పవలసి వస్తే, ఆ పదిమందిలో కనీసం ఇద్దరు ముగ్గురిని మనసులో పెట్టుకొని, వారికి కావలసిన జవాబులు ఉండేటట్లు చెప్పాలి.

అభిప్రాయం కన్నా ముందు చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఏ రోజు, ఏ ఆట, ఏ ఊళ్ళో, ఎవరితో కలిసి చూశామో ఒక్క వాక్యంలో చెప్పేస్తే, ఆ తరువాత మనం చెప్పే ప్రతి మాటకూ విలువ ఎంతో వినేవారే కట్టుకుంటారు. తెల్లవారుజామున బెనిఫిట్ షోలో అభిమానుల ఈలల మధ్య చూసిన సినిమా, మంగళవారం మ్యాట్నీలో పాతికమంది మధ్య చూసిన సినిమా పేరుకు ఒకటే గాని అనుభవంలో రెండు. అలాగే మన ఇష్టానిష్టాలు కూడా ముందే ఒప్పుకోవడం మంచిది. ‘ఈ హీరో అంటే నాకు చిన్నప్పటి నుంచీ అభిమానం’ అనో, ‘దయ్యాల సినిమాలు నాకు పడవు’ అనో మొదటే చెప్పినవారి మాటను జనం నమ్ముతారు, ఎందుకంటే దానిలో ఎంత తీసెయ్యాలో, ఎంత కలుపుకోవాలో వారికి తెలిసిపోతుంది.

ఇంటికి వచ్చాక రాసుకోవలసినవి

హాలు బయటికి రాగానే పుట్టే మాట సాధారణంగా పతాక సన్నివేశానికి సంబంధించిందై ఉంటుంది. చివరి పావుగంట అదిరిపోతే అంతకుముందు పడిన విసుగు మరుగున పడిపోతుంది. ముగింపు చప్పగా ఉంటే అంతదాకా పొందిన ఆనందం కూడా లెక్కలోకి రాకుండా పోతుంది. అందువల్ల ఆ రాత్రి మార్కులు వేయకుండా, జ్ఞాపకం ఉన్నవి మాత్రం ఫోనులోనో పుస్తకంలోనో నాలుగు వాక్యాల్లో రాసుకొని, మరునాడు పొద్దున వాటిని చూసుకొని అభిప్రాయం చెప్పడం మేలు. ఏ సన్నివేశంలో ఒళ్ళు మరిచి చూశామో, ఎక్కడ ఫోను తీసి టైము చూసుకున్నామో, పక్కవారిని ‘వీడెవడు?’ అని అడగవలసి వచ్చింది ఎక్కడో రాసుకుంటే చాలు. టైము చూసుకున్న చోటు ముఖ్యమైనది. విసుగును మనసు దాచిపెట్టినా చెయ్యి దాచదు.

మరునాటికి పాత్రల పేర్లు గుర్తున్నాయా అన్నది కూడా ఒక మంచి పరీక్ష. కథానాయకుడిని నటుడి పేరుతోనే చెప్పుకుంటున్నాము గాని పాత్ర పేరు తలకు రావడం లేదంటే, ఆ పాత్రను రాయడంలో ఏదో లోపం ఉందని అనుమానించవచ్చు. ఇది శాసనం కాదు. పేరు గుర్తులేని పాత్రలతోనే మంచి కాలక్షేపం అయిపోయిన సినిమాలు ఉన్నాయి. అయినా కారణాలు వెతకడానికి ఇదొక దారి.

హాలు తప్పును సినిమాకు అంటగట్టకూడదు

‘మాటలు ఒక్కటీ వినపడలేదు, మ్యూజిక్ మోతే’ అన్న ఫిర్యాదు మన వైపు తరచుగా వినపడుతుంది. అది నిజంగా శబ్దమిశ్రమంలో లోపమే కావచ్చు. అయితే బహుళ ఛానెళ్ళ శబ్దంలో సంభాషణలు ఎక్కువగా తెర వెనుక మధ్యలో ఉండే స్పీకరు నుంచి వస్తాయి, సంగీతమూ చప్పుళ్ళూ అన్ని వైపుల నుంచీ వస్తాయి. ఆ మధ్య స్పీకరు బలహీనపడిన హాలులో ఎంత శ్రద్ధగా చేసిన సినిమాలోనైనా మాటలు అడుగున పడిపోతాయి. అలాగే ప్రొజెక్టరు వెలుగు తగ్గిన హాలులో రాత్రి సన్నివేశాలు మసకబారి, ఛాయాగ్రాహకుడు పడిన శ్రమంతా చీకట్లో కలిసిపోతుంది. కనుక శబ్దం మీదా బొమ్మ మీదా మాట పడేసేముందు, అదే సినిమాను వేరే హాలులో చూసినవారిని ఒకరిని అడిగి చూడాలి. ఇద్దరికీ ఒకే ఇబ్బంది కలిగితే అప్పుడు సినిమాను తప్పు పట్టవచ్చు.

దీనికి ఎదురుగా ఉండేది హాలు పుణ్యాన సినిమాకు దక్కే మార్కు. సూళ్ళూరుపేట దగ్గర 2019లో మొదలైన వి ఎపిక్ అనే సినిమా హాలులో తెర వెడల్పు సుమారు 100 అడుగులు. 2022 విభజనలో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా, పెద్ద సినిమా వస్తే నెల్లూరు నుంచి కార్లు కట్టుకొని అక్కడికి పోయే అలవాటు మాత్రం పోలేదు. అంత తెర మీద సముద్రమో యుద్ధమో చూసి వచ్చినవాడు మూడు మార్కుల సినిమాకు నాలుగు వేయడంలో ఆశ్చర్యం లేదు, అందులో అబద్ధమూ లేదు. అయితే ఆ మాట విని కనిగిరిలో మామూలు తెర మీద చూసినవాడు ‘నువ్వు చెప్పినంత ఏం లేదే’ అని నిష్ఠూరమాడతాడు. తెర సంగతి మొదటే చెప్పి ఉంటే ఆ నిష్ఠూరం వచ్చేది కాదు. టిక్కెట్టు ధర విషయమూ ఇంతే. భారీ సినిమాలకు తొలి రోజుల్లో ప్రభుత్వ అనుమతితో ధర పెంచినప్పుడు, ఆ పెంచిన డబ్బు కట్టిన కోపం మార్కుల్లోకి దిగుతుంది. ‘ఈ ధరకు తగదు, ధర తగ్గాక చూడవచ్చు’ అని విడదీసి చెబితే సినిమాకూ న్యాయం జరుగుతుంది, చూడబోయేవారికీ దారి తెలుస్తుంది.

కారణం లేని మాట చెప్పకపోవడం

అభిప్రాయంలో అసలైన శ్రమంతా ఇక్కడే ఉంది. ‘సెకండాఫ్ ల్యాగ్’ అన్న మాటను మనం ఎంత వాడతామంటే, అది విన్నవారికి ఇక దాని వల్ల కొత్తగా ఏమీ తెలియదు. ఏది సాగింది, ఎంతసేపు సాగింది, ఎందుకు సాగింది అన్న మూడింటికీ జవాబు ఉంటే ఆ మాటకు ప్రాణం వస్తుంది. ‘విరామం తరువాత నాయకుడు ఊరు విడిచి పట్నం చేరిన దగ్గర నుంచి దాదాపు ఇరవై నిమిషాలు కథ కదలలేదు, అక్కడ వచ్చిన రెండు పాటలూ అతను ఒంటరివాడన్న ఒకే సంగతిని రెండుసార్లు చెప్పాయి’ అంటే, ఇష్టపడేవారు కూడా మన మాటలోని న్యాయాన్ని ఒప్పుకుంటారు. పొగిడేటప్పుడు కూడా ఇదే పద్ధతి. ‘అమ్మ పాత్రలో ఆవిడ ఇరగదీసింది’ అనేకన్నా, కొడుకు పరీక్ష తప్పాడన్న కబురు ఫోనులో విన్న ఆ తల్లి పొయ్యి మీద పొంగబోతున్న పాలకు ముందు మంట తగ్గించి, గిన్నె మీద మూత సగం పెట్టి, ఆ తరువాతే పీట మీద కూలబడిందని చెబితే, ఆ నటన ఎంత గొప్పదో వినేవారు తామే తేల్చుకుంటారు.

తప్పును గాని ఒప్పును గాని ఎవరి ఖాతాలో వేయాలో కూడా కొంచెం ఆలోచించాలి. మనవాళ్ళు బాగున్న ప్రతిదీ హీరోకు, బాగోని ప్రతిదీ దర్శకుడికి రాసిపెడతారు. సంభాషణలు పుస్తకాల మాటల్లా ఉంటే అది రచయిత పని. ఒక సన్నివేశం ముగిసిపోయాక కూడా ముఖాలు చూపిస్తూ కూర్చుంటే అది కూర్పులో లోపం. మామూలు నడకను మహాద్భుతంగా అనిపింపజేసింది రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం, కావచ్చు. ఈ చివరిదాన్ని తేల్చుకోవడానికి సులువైన ఉపాయం ఒకటి ఉంది. సినిమా ఓటీటీలోకి వచ్చాక, హాలులో ఒళ్ళు గగుర్పొడిచిన సన్నివేశాన్ని శబ్దం ఆపి ఒకసారి చూడాలి. శబ్దం లేకపోయినా నిలబడే సన్నివేశంలో దర్శకుడూ నటులూ ఉన్నారు. శబ్దంతో పాటే కూలిపోయిన సన్నివేశంలో సంగీత దర్శకుడు ఒక్కడే మోశాడు.

పాటల గురించి చెప్పేటప్పుడు బాణీ, గొంతు, సాహిత్యం, కథలో పాట పడిన చోటు అనే నాలుగింటినీ కలగలిపేయకూడదు. బాణీ బాగుండి చోటు కుదరని పాటలు ఎన్నో ఉన్నాయి. అవి ఫోనులో వినడానికి హాయిగా ఉంటాయి, హాలులో మాత్రం జనాన్ని బయటికి పంపుతాయి. నెల్లూరు వారు పాట విషయంలో కొంచెం పట్టుదల మనుషులని బయటివారు అంటుంటారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కుటుంబం ఉన్న తిప్పరాజువారి వీధి, పాటల రచయిత ఆత్రేయ పుట్టిన మంగళంపాడు ఈ ప్రాంతానివే కదా, ఆ మాత్రం పట్టుదల ఉండవచ్చునని నా ఉద్దేశం. అయితే ఆ పట్టుదలతో ప్రతి కొత్త గాయకుడినీ బాలు గొంతుతో తూచడం వల్ల ఇవాళ్టి పాట ఎలా ఉందో చెప్పినట్టు కాదు.

ఇతర భాషల నుంచి వచ్చిన సినిమాల్లో అనువాదాన్ని విడిగా చూడాలి. మన జిల్లాకు మద్రాసు దగ్గర కావడం వల్ల, తడ, సూళ్ళూరుపేట వైపు వారే గాక నెల్లూరులోనూ తమిళం అర్థమయ్యేవారు చాలామంది ఉన్నారు. వారు మూలాన్నీ డబ్బింగునూ రెండూ చూసి, ఏది ఎక్కడ చెడిందో చెప్పగలరు. మిగిలినవారు పెదవుల కదలికకూ మాటకూ పొంతన ఉందా, పాటలో తెలుగు తెలుగులా ఉందా, హాస్యం ఇక్కడివారికి తగిలిందా అన్నంతవరకు చెప్పి ఆగడం న్యాయం. డబ్బింగు బాగోలేదని కథకు మార్కులు కోయకుండా, ‘మూలభాషలో ఉపశీర్షికలతో చూడండి’ అని సలహా ఇవ్వవచ్చు.

మనకు తెలిసిన పని తెర మీద కనిపించినప్పుడు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రేక్షకులకు కొన్ని పనులు చేతి గీతల్లా తెలుసు. రొయ్యల గుంటలు, పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు, చీమకుర్తి గ్రానైటు క్వారీలు, వలలు లాగే తీరం, ఒంగోలు గిత్తలు తెర మీదికి వస్తే, హైదరాబాదులో కూర్చొని రివ్యూ రాసేవారికి పట్టుబడని తప్పు ఇక్కడివారికి పట్టుబడుతుంది. ఇది మనకున్న పెద్ద బలం, దీన్ని వాడుకోవాలి. అయితే ఎంతవరకు వాడుకోవాలన్నదే ప్రశ్న.

ఒక సినిమాలో రొయ్యల రైతు కొడుకు గుంట గట్టు మీద ఎగురుతూ ‘నాన్నా, ముప్పై కౌంటు కాస్తా వంద కౌంటుకు పెరిగింది, మన అప్పులు తీరిపోయాయి!’ అని అరిచాడనుకుందాం. ముత్తుకూరులోనో అల్లూరులోనో ఆ మాటకు హాలంతా గొల్లుమంటుంది. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క గనుక, ముప్పై కౌంటు అంటే పెద్ద రొయ్య, మంచి ధర. వంద కౌంటు అంటే చిన్న రొయ్య, తక్కువ ధర. ఆ పిల్లవాడు సంబరపడుతున్నది నష్టానికి. ఇంకో సినిమాలో రాత్రి పూట నీటికి గాలి అందించే ఏరియేటర్లన్నీ ఆపేసి, వెన్నెల్లో నిశ్శబ్దంగా ఉన్న గుంట పక్కన ప్రేమికులు పాట పాడుకుంటారనుకుందాం. నీటిలోని ప్రాణవాయువు తెల్లవారుజాముకు బాగా పడిపోతుంది గనుక, రైతు నిద్ర మానుకొని అయినా ఏరియేటర్లు తిప్పుకొనేది ఆ వేళలోనే.

ఈ రెండు తప్పులూ ఒకటి కావు. మొదటి సినిమాలో అప్పు తీరడమన్న మలుపు మొత్తం ఆ మాట మీద నిలబడి ఉంటే, కథకు ఆధారమైన సంగతినే తెలుసుకోలేదన్నమాట. దానికి అర మార్కు తగ్గించినా అన్యాయం లేదు. రెండోది పాటలో వచ్చిన ఊహ; దాన్ని నవ్వుకోవడానికి చెప్పుకోవచ్చు గాని మార్కుల జోలికి పోనక్కరలేదు. తప్పు కథను మోస్తున్నదా, పక్కన నిలబడి ఉన్నదా అని అడిగితే ఎంత తగ్గించాలో తేలిపోతుంది. మన యాస విషయంలోనూ నేను ఈ కొలతే వాడమంటాను. నెల్లూరు మనిషినని చెప్పుకొనే ప్రధాన పాత్ర సినిమా పొడుగునా అరువు యాసతో మాట్లాడితే అది లోపమే. రెండు నిమిషాల టీ కొట్టు పాత్ర తడబడితే పట్టించుకోవలసింది కాదు. ఒప్పును కూడా ఇంతే గట్టిగా చెప్పాలి. బ్యారన్‌లో పొగాకు కాల్చే రైతు రాత్రంతా వేడి చూసుకుంటూ కాపలా కాయడాన్ని ఎవరైనా సరిగ్గా చూపిస్తే, ఆ మెప్పు కందుకూరు వైపు నుంచి రాకపోతే ఇంకెక్కడి నుంచి వస్తుంది?

మార్కులు వేసే తీరు

మార్కు అన్నిటికన్నా చివర రావాలి. ముందు అంకె చెప్పినవారు, ఆ తరువాత దాన్ని నిలబెట్టుకోవడానికి కారణాలు పోగుచేస్తారు. అయిదు మార్కుల పద్ధతి మనకు బాగా అలవాటయింది గనుక దాన్నే ఉంచుకొని, ఒక్కో అంకెకు ఒక్కో సలహాను ముడిపెట్టుకుంటే చాలు. నా వరకు నాలుగు అంటే పని మానుకొని అయినా హాలులో చూడమని. మూడున్నర అంటే వీలు చూసుకొని హాలుకే వెళ్ళమని. మూడు అంటే ఆ రకం సినిమాలు ఇష్టమైతే వెళ్ళమని. రెండున్నర అంటే ఓటీటీ దాకా ఆగమని. రెండు అంటే ఎవరైనా పెడితే చూడమని. రెండుకు కింద ఒకటా ఒకటిన్నరా అని తర్కించడం వృథా. అయిదు మాత్రం ఏళ్ళు గడిచాక వెనక్కి తిరిగి వేయవలసిన మార్కు. మొదటి వారంలో వేసేది కాదని నా అభిప్రాయం.

ఈ అంకెలు కాలంతో జారిపోకుండా చూసుకోవాలంటే, మీరూ మీ వాళ్ళూ అందరూ చూసిన పాత సినిమాలు మూడింటిని కొలబద్దలుగా పెట్టుకోవాలి. ఒకటి రెండు మార్కులకు, ఒకటి మూడుకు, ఒకటి నాలుగుకు. కొత్త సినిమా వచ్చినప్పుడు ‘ఇది మన మూడు మార్కుల సినిమా కన్నా మెరుగా, తక్కువా?’ అని అడిగితే జవాబు వెంటనే దొరుకుతుంది. సంక్రాంతి వారంలో ఈ కొలబద్దల అవసరం మరీ ఎక్కువ. పండక్కి వచ్చిన అల్లుళ్ళూ మరదళ్ళూ పిల్లలూ ఒక వరుసంతా నిండి, అరిసెల పొట్లం చేతులు మారుతుంటే, ఏ సినిమా అయినా మూడున్నర దగ్గరే మొదలవుతుంది.

శాఖలవారీగా మార్కులు వేసి సగటు తీసే పద్ధతిని కొందరు శాస్త్రీయమనుకుంటారు. కథకు రెండు, నటనకు నాలుగు, సంగీతానికి నాలుగు, ఛాయాగ్రహణానికి నాలుగు వేసి సగటు తీస్తే మూడున్నర వస్తుంది. ఆ మూడున్నర సినిమాలో జనం నిద్రపోతుంటారు. కథ నడవనప్పుడు మిగిలినవన్నీ కలిసి దాన్ని ఎంతవరకు మోయగలవో సగటుకు తెలియదు. శాఖల మార్కులు విడిగా చెప్పుకోవచ్చు, మొత్తం మార్కు మాత్రం సినిమాను మొత్తంగా చూసి వేయాలి. పావు మార్కుల విషయంలో నాకు అంత నమ్మకం లేదు. రెండున్నరకూ మూడుకూ మధ్య రెండుంముప్పావు వేయడం చాలాసార్లు తేల్చుకోలేకపోవడానికి పెట్టిన మారుపేరు. అవసరమైతే ‘హాలులో మూడు, ఇంట్లో రెండున్నర’ అని రెండు అంకెలు చెప్పడం అంతకన్నా ఉపయోగం.

ఇతరుల అంకెలను ఎలా చదవాలి

మన మార్కును పదిమంది మార్కులతో పోల్చి చూసుకొనేటప్పుడు ఆ అంకెలు ఎలా పుట్టాయో తెలిసి ఉండాలి. రాటెన్ టొమాటోస్ అనే వెబ్‌సైటులో కనిపించే శాతం, సినిమాను మెచ్చుకున్న విమర్శకులు వందకు ఎంతమంది అన్న లెక్క. అందరూ ‘ఏదో ఫరవాలేదు’ అన్న సినిమాకు కూడా అక్కడ నూరు శాతం రావచ్చు. కనుక 90 శాతాన్ని పదికి తొమ్మిదిగా చదువుకోకూడదు. ఐఎండీబీ వెబ్‌సైటులో ప్రేక్షకులు పదికి వేసే ఓట్లను ఉన్నవి ఉన్నట్లు సగటు తీయకుండా, ఓట్ల బరువులను సర్దుబాటు చేసి అంకె చూపిస్తారు. సినిమా చూసినవారు మార్కులు వేసుకొనే లెటర్‌బాక్స్‌డ్‌లో అర నక్షత్రం నుంచి అయిదు దాకా ఉంటుంది, ఎన్ని నక్షత్రాలకు ఎంతమందో పట్టీలుగా కనిపిస్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పేవి ఆ పట్టీలే.

ఎందుకో చిన్న లెక్కలో చూడవచ్చు. పదిమంది చూసిన ఒక సినిమాకు అయిదుగురు నాలుగున్నర, అయిదుగురు ఒకటిన్నర వేశారు. ఇంకో సినిమాకు పదిమందీ మూడే వేశారు. రెండింటి సగటూ మూడే. మొదటిది కొందరికి పిచ్చెక్కించి, కొందరికి తలనొప్పి తెచ్చిన సినిమా. దానికి ఎవరూ వేయని మార్కు సగటుగా వచ్చింది. రెండోది ఎవరినీ నొప్పించకుండా సాగిపోయిన సినిమా. స్నేహితుల గ్రూపులో మార్కులు కూడేటప్పుడు సగటుతో పాటు అందరికన్నా ఎక్కువ వేసిందెవరు, తక్కువ వేసిందెవరు అన్నది కూడా చెప్పాలి. మన అభిరుచికి దగ్గరగా ఉన్న మనిషి ఏ వైపున ఉన్నాడో అప్పుడు తెలుస్తుంది.

వసూళ్ళ అంకెలను అభిప్రాయంతో కలపకూడదు. నైజాం, సీడెడ్, గుంటూరులాగా సినిమా వ్యాపారంలో నెల్లూరును ఒక విడి ఏరియాగా లెక్కిస్తారు గనుక, మొదటి వారంలోనే ‘నెల్లూరు షేర్ ఇంత’ అని, అంటే వసూళ్ళలో పంపిణీదారుకు దక్కిన వాటా ఇంత అని పోస్టర్లు తిరుగుతాయి, వాటిని పట్టుకొని వాదులాటలూ జరుగుతాయి. తొలి మూడు రోజుల టిక్కెట్లలో ఎక్కువ భాగం ఎవరి అభిప్రాయమూ వినకముందే తెగుతాయి. ఎంతమంది వెళ్ళారో ఆ అంకె చెబుతుంది, ఎంతమందికి నచ్చిందో చెప్పదు.

చెప్పకూడనివి, చూపకూడనివి

కథలో ఎంతవరకు చెప్పవచ్చన్నదానికి సులువైన హద్దు ట్రైలరు. ట్రైలర్‌లో ఉన్నదీ, మొదటి అరగంటలో తేలిపోయేదీ చెప్పవచ్చు. ‘చివర్లో ఒక ట్విస్ట్ ఉంది, నేను చెప్పను’ అనడం కూడా సగం చెప్పినట్టే; అది విన్నవాడు సినిమా పొడుగునా దాని కోసం కాపు కాస్తూ కూర్చుంటాడు.

పిల్లలను తీసుకుపోవచ్చా అని అడిగేవారికి ముందు సర్టిఫికెట్ సంగతి చెప్పాలి. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ తరువాత యూఏ అన్న ఒక్క తరగతి యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడయింది. ఈ వయసులు తల్లిదండ్రులకు సూచనలు మాత్రమే. పెద్దలకు మాత్రమే అన్న ‘ఏ’ సర్టిఫికెట్‌కు ఉన్నట్లు హాలు దగ్గర ఆపేది ఉండదు. కనుక దానికి మీ మాట తోడు చేయాలి. నరకడాలు ఎంతవరకు ఉన్నాయి, రక్తాన్ని దగ్గరగా చూపిస్తారా, పిల్లలు ఇంటికి వచ్చి అర్థం అడిగేలాంటి డైలాగులు ఉన్నాయా అన్నవి చెబితే, మనవరాలిని తీసుకుపోవాలో వద్దో అమ్మమ్మ తేల్చుకుంటుంది.

ఇంటర్వెల్ సన్నివేశాన్ని ఫోనులో తీసి స్టేటస్‌లో పెట్టి ‘మామూలుగా లేదు!’ అని రాయడం చాలామందికి అభిప్రాయం చెప్పడంలో భాగమైపోయింది. అదే 2023 సవరణ ప్రకారం అనుమతి లేకుండా హాలులో సినిమాను రికార్డు చేయడమూ, దాన్ని పంచడమూ నేరం. కనీసం మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 3 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చు. సరదాకు తీశామన్నా వినేవారు ఉండరు. తెరను తీయకుండా టిక్కెట్టు ఫోటో పెట్టుకుంటే సరిపోతుంది.

నటీనటుల ఒంటి తీరు మీదా, రంగు మీదా, వారి ఇంటి విషయాల మీదా మాట్లాడటం సినిమా గురించి మాట్లాడటం కాదు. ఇంతకన్నా వివరించనక్కరలేదు.

ఒక నమూనా

లేని సినిమా ఒకదాన్ని ఊహించుకొని, పైవన్నీ కలిస్తే అభిప్రాయం ఎలా ఉంటుందో చూద్దాం.

‘శనివారం మొదటి ఆట, ఒంగోలులో, మా ఆవిడతోనూ బావ వాళ్ళతోనూ కలిసి చూశాను. హాలు మూడు వంతులు నిండింది, శబ్దం బాగుంది. గ్రామీణ కథలంటే నాకు మొదటి నుంచీ కొంచెం పక్షపాతం, ఆ మాట ముందే చెబుతున్నాను. తుఫానులో గుంటలు తెగిపోయిన రొయ్యల రైతు తన కూతురి పెళ్ళి దాకా అప్పులవాళ్ళను ఎలా నెట్టుకొచ్చాడన్నది కథ. మొదటి సగంలో అప్పులవాడు పెళ్ళిచూపుల రోజునే వచ్చి, ఇంట్లో అందరితో పాటు కాఫీ తాగి, పల్లెత్తు మాట అనకుండా వెళ్ళిపోయే సన్నివేశం కోసమైనా వెళ్ళవచ్చు. విరామం తరువాత మంత్రిగారి కథ వచ్చి కలిసింది. అక్కడి నుంచి రైతు పక్కకు పోయి, పావుగంటకొక ఫైటు వచ్చింది. గుంటల పని చూపించినంతవరకు నిజాయితీగా చూపించారు. యూఏ 13+, ఒక కొట్లాటలో రక్తం ఎక్కువ, మిగిలినదంతా ఇంటిల్లిపాదీ చూడవచ్చు. హాలులో మూడు, ఇంట్లో చూస్తే రెండున్నర, ఎందుకంటే తుఫాను సన్నివేశం చిన్న తెర మీద తేలిపోతుంది.’

ఇంతకన్నా పొడుగు అవసరం లేదు. ఫోనులో చెప్పినా రెండు నిమిషాలు పట్టదు.

మీరు రెండున్నర వేసిన సినిమాకు బావ నాలుగున్నర వేసి, ‘నీకు సినిమా చూడటం రాదు’ అని అందరిలో అన్నాడనుకోండి. అప్పుడు అంకె మీద వాదించి లాభం లేదు. ‘నీకు బాగా పట్టిన సన్నివేశం ఏది బావా?’ అని అడగాలి. ఆయన చెప్పిన సన్నివేశం మీరు రాసుకున్నవాటిలో కూడా ఉంటే, ఇద్దరికీ నచ్చింది ఒకటేనని, తేడా అంతా మిగిలిన సినిమాను ఎవరు ఎంత క్షమించారన్నదానిలోనే ఉందని తేలుతుంది. ఆయన హీరో పేరు తప్ప ఏమీ చెప్పలేకపోతే అక్కడితో మాట మార్చి, భోజనాలకు లేవడం మంచిది. పెద్దవారు, ముఖ్యంగా మామగారి వరుసవారు మెచ్చుకున్న సినిమాను వారి ఎదుట తీసిపారేయనవసరం లేదు. ‘మీరు చెప్పిన తండ్రీకొడుకుల ఘట్టం బాగుందండీ, నాకు రెండో సగం కొంచెం బరువైంది’ అంటే మర్యాదా నిలుస్తుంది, మన మాటా చెప్పినట్టవుతుంది.

ఓటీటీలో రెండోసారి చూశాక మార్కు మారితే సిగ్గుపడవలసింది లేదు. పాత అంకెను కొట్టివేయకుండా దాని పక్కనే కొత్త అంకె, తేదీ, మారడానికి కారణం రాసుకోవాలి. మొదట మీ మాట విని చూసినవారెవరైనా ఉంటే వారికి కూడా ఆ సంగతి చెప్పాలి.